బొటనవ్రేలి కొలత

మన ప్రాచీన ధర్మశాస్త్రములు రాజు విచారింపదగిన తగవులను పదునెనిమిది వ్యవహారపదములుగా విభజించినవి. వానిలో నొకటి దండపారుష్యము. ఒకని దేహముపై మఱియొకడు చేయిగాని, కాలుగాని, కఱ్ఱగాని వేయుట దీనిలోనికి వచ్చును. కొట్టుట మాత్రమే కాదు. బూడిదయో, బురదయో, దుమ్మో పైబడవేసినను పది పణముల దండుగ యని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఇంగ్లీషువారి ధర్మశాస్త్రములో నీ యపరాధమునకు బ్యాటరీ యని పేరు. ఆ మాట వినగానే మన పిల్లలు టార్చిలైటులో వేయు వస్తువును తలంతురు గాని, న్యాయవాదులకు మాత్రము అది పరుని దేహమును వాని యిష్టమునకు విరుద్ధముగా తాకుట. బలాత్కారములో నింతవరకు తగును, ఇంతకు మించిన తగదు అని గీత గీయుట శాసనమునకు శక్యము కాదు గనుక అది మొదటి మెట్టునే నిషేధించుచున్నదని పదునెనిమిదవ శతాబ్దపు ధర్మవేత్త బ్లాక్‌స్టన్ వ్రాసెను. ఎఱుగనివాని భుజముపై కోపముతో వ్రేలు మోపినను అపరాధమే యన్నమాట.

దేహము నింత జాగ్రత్తగా కాపాడిన యీ రెండు ధర్మములును ఇంటి గడప కడకు వచ్చుసరికి కన్నులు మూసికొన్నవి. పొరుగువానిపై దుమ్ము చల్లినవానికి దండుగ కలదు. భార్యను కొట్టినవానికి, కొట్టిన సాధనము తగిన కొలతలో నున్నచో, దండుగ లేదు. ఈ కొలత యెట్లు పుట్టినదో, అమెరికా రాష్ట్రముల శాసనములలో నెట్లు మాఱినదో, ఇటీవలి సంవత్సరములలో సయితము ఎట్లు మాఱుచున్నదో చదువరులకు మనవి చేయ దలంచితిమి. అమెరికాయే యేల యందురేమో. అచ్చట క్రిమినలు శాసనము చాలవరకు రాష్ట్రమున కొకటి. ఒకే ప్రశ్నకు వేర్వేరు రాష్ట్రములు వేర్వేరు కాలములలో చెప్పిన సమాధానములు వ్రాతమూలముగా నిలిచియున్నవి. అంతేగాక నేడు లక్షలకొలది తెలుగువా రా శాసనముల క్రిందనే కాపురములు చేయుచున్నారు.

ముందుగా మన యింటి సంగతి చెప్పుకొని పిదప పొరుగు సంగతికి పోవుట మర్యాద. స్త్రీలు పూజింపబడు చోట దేవతలు సంతోషింతురను మనుస్మృతి వాక్యము మన సభలలో వినబడని దినము లేదు. అదే స్మృతి యెనిమిదవ యధ్యాయములో, తప్పు చేసిన భార్యను, పుత్రుని, దాసుని, శిష్యుని, తమ్ముని త్రాటితోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చుననియు, అయితే వీపుపై కొట్టవలెనే గాని తలపై కొట్టరాదనియు చెప్పబడినది. మొదటి వాక్యమును వల్లించువారు రెండవదానిని వల్లింపరు. వెదురుబద్ద యని సాధనమును, వీపు అని స్థానమును నిర్ణయించుట ఆ కాలమునకు దయయే కావచ్చును. కాని కొట్టుటకు హద్దు పెట్టిన శాసనము కొట్టుటకు హక్కును గూడ ఇచ్చినట్లే. ఆ పట్టికలో భార్య ప్రక్కన శిష్యుడు కూడ నున్నాడు గనుక, ఉపాధ్యాయులమైన మేము దీనిని గూర్చి నిష్పక్షపాతముగ మాట్లాడువారము కామని ముందే యొప్పుకొనుచున్నాము.

ఇంగ్లండులోను ఇట్లే. పూర్వపు ధర్మము ప్రకారము భర్త భార్యను మితముగ శిక్షింపవచ్చుననియు, రెండవ చార్లెసు కాలమునుండి యీ యధికారము సందేహింపబడుచున్నదనియు, అయినను క్రింది తరగతులవారు దానిని వదలుకొనలేదనియు బ్లాక్‌స్టన్ తన గ్రంథమున వ్రాసెను. 1782 లో బుల్లరను న్యాయాధిపతి, బొటనవ్రేలికంటె లావు కాని కఱ్ఱతో భర్త భార్యను కొట్టవచ్చుననెనని ఒక వదంతి పుట్టినది. గిల్రే యను చిత్రకారుడు ఆయనను కఱ్ఱల మోపు మోయువానిగ వెక్కిరించుచు చిత్రము వేసెను. ఆయన నిజముగ నట్లనెనో లేదో సాక్ష్యము లేదు. అట్టి శాసనమేదియు ఇంగ్లండులో నుండలేదు. శాసనము కాని యా మాట మాత్రము సముద్రము దాటి అమెరికా కోర్టులలో ప్రవేశించినది.

అమెరికాలో మొదట కనబడిన వెలుగు దొడ్డది. 1641 లోనే మాసచూసెట్సు వలసవారు తమ ధర్మసంగ్రహములో, భర్త ఆత్మరక్షణకు దప్ప భార్యపై చేయి చేసికొనరాదని వ్రాసికొనిరి. కాని యా వెలుగు అంతటను వ్యాపింపలేదు. 1824 లో మిస్సిసిప్పి రాష్ట్రపు పెద్దకోర్టు, అత్యవసరమైనపుడు భర్త మితముగ శిక్షించు హక్కు కలవాడే యని తీర్పు చెప్పినది. 1868 లో నార్త్ కెరొలైనా రాష్ట్రమున నొక భర్త తన భార్యను బెత్తముతో మూడు దెబ్బలు కొట్టెను. ఆ బెత్తము వ్రేలంత లావు కలదియు, బొటనవ్రేలికంటె సన్ననిదియు నని విచారణలో తేలినది. కావున భర్త నిర్దోషియని క్రింది కోర్టు చెప్పినది. పెద్దకోర్టువారు ఆ హక్కు నంగీకరింపలేదు. బెత్తపు లావుతో పని లేదనిరి. అయినను భర్తను విడిచిపెట్టిరి. చిన్న దెబ్బలకై కోర్టు ఇంటి పరిపాలనలో జోక్యము చేసికొన్నచో మేలుకంటె కీడెక్కువ యని వారి వాదము. ఆ స్త్రీకి హక్కుపేర దెబ్బలు తగిలిననేమి, మర్యాదపేర తగిలిననేమి? వీపొక్కటే గదా!

మూడేండ్లలో గాలి మాఱినది. 1871 లో అలబామా పెద్దకోర్టు, ఎంత ప్రాచీనమైనను భార్యను కొట్టు నధికారమును తమ శాసనము గుర్తింపదని స్పష్టముగ ప్రకటించినది. ఆ వ్యాజ్యములోని దంపతులు కొన్నియేండ్లకు ముందు బానిసత్వమునుండి విడుదలయైనవారు. ఆ సంవత్సరమే మాసచూసెట్సు కోర్టు, భార్య మద్యపానము చేసియున్నను భర్త ఆమెను కొట్టుటకు వివాహము హక్కు నీయదని తీర్మానించినది. 1874 లో నార్త్ కెరొలైనా కోర్టు సయితము బొటనవ్రేలి మాట తమ శాసనము కాదని త్రోసివేసెను. ఇంతవరకు చదివి సంతోషించువారు ఆ తీర్పులో తరువాతి మాటయు వినవలెను. శాశ్వతమైన గాయము కలుగనిచో, క్రౌర్యము కనబడనిచో, తెర దించి లోకుల చూపు మఱలించి, దంపతులు తమలో తాము మఱచి క్షమించుకొనునట్లు విడిచిపెట్టుట మంచిదని కోర్టువారనిరి.

మా యభిప్రాయమున ఈ చరిత్రకంతకు కీలక మిచ్చటనే కలదు. బెత్తపు కొలత పోయినది. గాయపు కొలత దాని చోటికి వచ్చినది. ఇదివఱకు దేనితో కొట్టితివని భర్త నడిగిరి. ఇకమీద గుర్తు చూపుమని భార్య నడుగుదురు. ప్రశ్న మాఱెను గాని తెర తొలగలేదు.

తెరను చింపుటకు కొందఱు కఠినమార్గము పట్టిరి. భార్యను కొట్టినవానికి బహిరంగముగ కొరడాదెబ్బలు విధించు శాసనమును మేరీలాండు 1882 లోను, డెలవేరు 1901 లోను, ఆరిగన్ 1905 లోను చేసినవి. ఆరిగన్ 1911 లో దానిని రద్దు చేసినది. అట్టి శిక్షల కోపము నల్లజాతివారిపైనను పేదలైన వలసవారిపైనను ఎక్కువగా పడినదని చరిత్రకారులు చూపిరి. గౌరవనీయుల యిండ్లలో తెర యథాప్రకారము దిగియే యుండెను. 1910 లో నొక భార్య తన్ను కొట్టిన భర్తపై నష్టపరిహారమునకు దావా వేయగా, భార్య భర్తపై నట్టి దావా తేజాలదని అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసినది. హార్లను న్యాయమూర్తియు, మఱి యిద్దఱును దానికి సమ్మతింపలేదు. పరాయివాడు కొట్టిన పరిహారము కలదు, పెండ్లియాడినవాడు కొట్టిన లేదు!

తరువాత నఱువది యేండ్లకు పైగా శాసనగ్రంథములో అపరాధము అపరాధముగనే యుండెను. పోలీసుఠాణాలో మాత్రము అది యింటి తగవుగ నుండెను. పెక్కు రాష్ట్రములలో పోలీసువారు తమ కన్నులయెదుట జరుగని లఘ్వపరాధమునకు వారంటు లేక యరెస్టు చేయరాదను నియమముండెను. ఇంటిలోని దెబ్బ పోలీసుల కన్నులయెదుట తగులునా? స్త్రీల యుద్యమము ఈ నియమమునే పట్టి లాగినది. పెన్సిల్వేనియా 1976 లో రక్షణోత్తరువుల శాసనము చేసినది. పూర్వము కొరడా పట్టిన ఆరిగన్ 1977 లో, తగిన కారణమున్నచో పోలీసు లరెస్టు చేసి తీరవలెనని శాసించినది. కనెక్టికట్టులోని టారింగ్టను పట్టణమున నొక స్త్రీ తన భర్త బెదరింపులను గూర్చి పలుమాఱులు మొఱపెట్టుకొనగా పోలీసువారు వినలేదు. 1983 లో నతడామెను కత్తితో పొడిచెను. భర్తచే కొట్టబడిన స్త్రీకి తక్కువ రక్షణ యిచ్చుట సమానరక్షణకు భంగమని 1984 లో ఫెడరలు కోర్టు చెప్పినది. 1986 లో ఆ రాష్ట్రము క్రొత్త శాసనము చేసినది. 1994 లో స్త్రీలపై దౌర్జన్యమును గూర్చిన ఫెడరలు శాసనము వచ్చినది.

అరెస్టే సర్వరోగనివారిణి కాదనుట గూడ ఇచ్చట చెప్పవలెను. అరెస్టయినవారు మరల కొట్టుట తక్కువ యని 1984 లో ప్రకటింపబడిన మిన్నియాపొలిస్ పరిశోధన చూపినది. ఇతర నగరములలో దానిని మరల చేసి చూడగా ఫలితము లొకతీరుగ రాలేదు. మిల్వాకీలో ఉద్యోగము లేనివారి విషయమున అరెస్టు తరువాత దౌర్జన్యము పెరిగినట్లు కనబడినది. శాసనము మొదటి మెట్టే గాని చివరిమెట్టు కాదు.

ఇక నిటీవలి మార్పులకు వత్తము. అరెస్టయిన తరువాత కోర్టులో మరల పాత ప్రశ్నయే యెదురయ్యెను: గుర్తేది? చాల రాష్ట్రములలో దండపారుష్యపు తరతమములు గాయము ననుసరించి యుండును. ఎముక విఱిగిన మహాపరాధము, కమిలిన లఘ్వపరాధము, ఏమియు కనబడనిచో మందలింపు. ఈ కొలబద్దకు లొంగని క్రౌర్యమొకటి కలదు. అది గొంతు నులుముట. కాలిఫోర్నియాలోని శాన్ డియెగో నగరపు ప్రాసిక్యూటర్లు, వైద్యులు కలిసి యిట్టి 300 కేసుల కాగితములను పరిశీలించిరి. వానిలో సగముదాక కంటికి కనబడు గుర్తే లేదు. గుర్తున్నవానిలో పెక్కింటికి ఫొటో తీయదగినంత గుర్తు లేదు. ఆ పరిశీలన 2001 లో ప్రకటింపబడెను. గొంతుకు తాకిన దెబ్బ లోపలిది. మెదడునకు నెత్తురు పోవు నాళము లణగిన కొలది క్షణములలో స్మృతి తప్పును; బొంగురుగొంతు, మ్రింగుట కష్టమగుట మాత్రమే పైకి తెలియును. ఒకసారి భాగస్వామిచే గొంతు నులుమబడిన స్త్రీ తరువాత నతనిచేతనే హత్య గావింపబడు నవకాశము ఏడు రెట్లు మించియుండునని 2008 నాటి యొక పరిశోధన లెక్క గట్టినది. అన్నిటికంటె మరణమునకు దగ్గఱయైన చేతకు అన్నిటికంటె తక్కువ గుర్తు. గుర్తును కొలుచు శాసనము దానిని అన్నిటికంటె తక్కువగ శిక్షించుచుండెను.

ఈ లోపమును రాష్ట్రములొకటొకటిగ సవరించుకొన్నవి. మిన్నెసోటా 2005 లో గృహమందు గొంతు నులుముటను ప్రత్యేకమైన మహాపరాధముగ చేసినది. ఫ్లారిడా 2007 లో నట్లే చేసినది. అచ్చట సామాన్య దండపారుష్యమునకు ఒక యేడు మించని శిక్ష, దీనికి ఐదేండ్ల వరకు శిక్ష. న్యూయార్కు 2010 లో మూడు మెట్లు కట్టినది. అందులో క్రింది మెట్టున గాయమును ఋజువు చేయనక్కఱలేదు, ఊపిరి నాపవలెనని గొంతు నొక్కిన చాలును. కాలిఫోర్నియాలో భర్త భార్యకు గాయస్థితి కలిగించుట 1945 నుండి మహాపరాధమే గాని, గొంతు నులుముటవలన కలిగిన దెబ్బయు గాయస్థితియే యని 2012 నుండి స్పష్టము చేసిరి. ఒహయో రాష్ట్రమీ వరుసలో చాల కడపటిది. అచ్చటి శాసనము 2023 ఏప్రిల్ 4 న అమలులోనికి వచ్చినది. 1868 లో బెత్తపు లావును కొలిచిన దేశమున చేతియొక్క యపాయమును కొలుచుటకు నూటయేబది యేండ్లు పట్టినది.

ఆ దేశమున కాపురమున్న మన ఆడుబిడ్డల సంగతి వేఱు. భర్త యుద్యోగపు వీసాపై ఆధారపడి పోయిన స్త్రీకి పోలీసులంటే భయము. భర్త యుద్యోగము పోయిన తాను దేశమే విడువవలసివచ్చునేమో యని యంతకంటె భయము. అపరాధమునకు గుఱియై విచారణకు సాయపడిన విదేశీయులకు యూ-వీసా యను ఆశ్రయమును 2000 లో నేర్పరచిరి గాని, ఏటికి 10,000 మించి యీయరాదను పరిమితిచే వరుస చాల పొడవు. మన ఉపఖండపు స్త్రీల కొఱకే న్యూజెర్సీలో 1985 లో మానవి యను సంస్థ వెలసినది. ఇంటికి దూరముగ నున్న కూతురు ఫోనులో "బాగానే యున్నానమ్మా" అన్నపుడు, ఆ గొంతు బొంగురుపోయినదేమో వినుట తల్లిదండ్రుల పని.

మన దేశమున మెకాలే ముసాయిదానుండి పుట్టిన 1860 నాటి శిక్షాస్మృతి ఒక విషయమున మెచ్చదగినది. దేహబాధ కలిగిన చాలును, అది గాయమే యని అందున్నది, గుర్తు అడుగలేదు. 1983 లో భర్త క్రౌర్యమును ప్రత్యేకాపరాధము చేసిరి. 2005 లో గృహహింస శాసనము వచ్చినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో సామాన్యపు గాయమునకు జరిమానా 1,000 రూపాయలనుండి 10,000 రూపాయల వరకు పెరిగినది. తీవ్రబాధ ఇరువది దినములుండిన తీవ్రగాయమను పాత లెక్క పదునైదు దినములకు తగ్గినది. పన్ను విఱిగిన తీవ్రగాయమే. గొంతు నులుముటకు మాత్రము ప్రత్యేకమైన సెక్షను లేదు; ప్రాణాపాయము కలిగెనని వైద్యుడు వ్రాసిననే అది తీవ్రగాయమగును. వ్రాయుటకు వైద్యుని కడకు పోవలెను. పోవుటకు గడప దాటవలెను.

ఆ గడప యెంత యెత్తైనదో 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట తగునని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను నూటికి సుమారు 84 మంది. పురుషులు కాదు, స్త్రీలే! త్రాటికిని వెదురుబద్దకును మన స్మృతి యిచ్చిన అనుమతి, స్మృతి చదువని యిండ్లలో గూడ నెంత చక్కగ వల్లింపబడుచున్నదో చూడుడు.

మేము పరుల తప్పు లెన్నుటకు కూర్చుండలేదు. పండ్రెండేండ్ల క్రిందట మా ప్రక్కవాటాలో నొక యిల్లాలుండెను. ఒక వేసవి యుదయమున నీళ్ల కొఱకు వచ్చి, మెడచుట్టు కొంగు బిగించి కప్పుకొని మా యింటిలో వారితో మాటాడెను. గొంతు పూర్తిగ పోయియుండెను. "జలుబు చేసింది వదినా, మింగుడు పడటం లేదు" అనెను. రాత్రి గోడవెనుకనుండి వచ్చిన చప్పుడు మే మిద్దఱమును వినియుంటిమి. మొగమున దెబ్బ లేదు, చేతులపై గుర్తు లేదు. ఇంటిగుట్టు లంకకు చేటని మే మనుకొంటిమి. మిరియాలపాలు త్రాగుమని మా యింటిలోవారు చెప్పిరి. కొన్ని నెలలకు వారు ఇల్లు మాఱిపోయిరి. ఆమె యెచ్చటనున్నదో మాకు తెలియదు. నార్త్ కెరొలైనా న్యాయమూర్తులు దించుమన్న తెర ఆ యుదయమున మా చేతిలో నుండెను. దానిని మేమే దించితిమి.

మఱియొకటి. మే మీ వృత్తిలో చేరిన క్రొత్తలో బల్లపై బెత్తముండెడిది. గుర్తు పడకుండ కొట్టుట యెట్లో పెద్ద ఉపాధ్యాయులు మాకు నేర్పిరి, మేము నేర్చికొంటిమి. 2009 నాటి విద్యాహక్కు శాసనము శారీరకశిక్షను నిషేధించిన పిదప బెత్తము మాయమైనది. ఆదిలో పిల్లలు చెడిపోదురని భయపడితిమి. చెడిపోలేదు. శాసనము మా చేతిని ముందు మాన్పినది, మనస్సు తరువాత మాఱినది. చేయి మానుటకు మనస్సు మాఱువఱకు వేచియుండిన నెన్ని తరముల వీపులు సరిపోయెడివో!

కావున శాసనమువలన నేమగును, బుద్ధి మాఱవలెను గాని యనువారికి మా సమాధానమిదియే. బుద్ధియు మాఱవలసినదే. కాని బుద్ధి మాఱులోపల గొంతులు మిగులవలెను గదా. ప్రక్కయింటిలో చప్పుడు వినబడినపుడు గుర్తున్నదా యని వెదకక, తలుపు తట్టుడు. ఏమియు తోచనిచో చక్కెర యడుగుట కైనను తలుపు తట్టుడు. 181 యను మహిళా సహాయపు ఫోను, 112 అను అత్యవసరపు ఫోను ఉన్నవని ఆ యింటి యామెకు తెలియజేయుడు. మా చేతిలోని తెరను మేమిక దింపము. చదువరులును తమ చేతులను చూచుకొందురు గాక.